నాలుగేళ్ల చదువు... ఎన్నేళ్ల అప్పు?

"సంతకం ఎక్కడ పెట్టాలి బాబూ?"

దువ్వాడ దగ్గర ఒక బ్యాంకులో చెవినపడ్డ మాట ఇది. అడిగినావిడ సెజ్‌లో ఉదయం షిఫ్టు ముగించుకుని ఇంటికెళ్తూ దారిలో బ్యాంకులో ఆగింది. చేతిలో ఇంకా టిఫిన్ క్యారేజీ ఉంది. పక్కన పద్దెనిమిదేళ్ల కూతురు. ఆ అమ్మాయికి ఇంజినీరింగ్ సీటొచ్చింది. టేబుల్ మీద విద్యారుణం కాగితాల కట్ట ఉంది. ఆఫీసరు వేలుపెట్టి చూపించిన చోటల్లా తల్లీ కూతుళ్లు సంతకాలు పెట్టుకుంటూ పోయారు. పదిహేను ఉంటాయేమో, ఇంకా ఎక్కువే ఉంటాయేమో!

బయటికొచ్చాక "ఎంత తీసుకున్నారమ్మా?" అని అడిగాం.

"ఆరు లచ్చలండి."

"నెలకి ఎంత కట్టాల్సొస్తుంది?"

ఆవిడ కూతురి మొహం చూసింది. కూతురు తల్లి మొహం చూసింది. "ఉజ్జోగం వచ్చినాక కదమ్మా! అప్పుడు అదే సూసుకుంటాది" అంది ఆవిడ నవ్వుతూ.

గాజువాక మార్కెట్లో ఇదే ఇల్లాలు కిలో చిక్కుళ్లకి రెండు చోట్ల ధర అడగందే కొనదు. చీటీ పాటలో ఎంత పోయిందో, ఎంత మిగిలిందో నోటి లెక్కగా చెప్పేయగలదు. డ్వాక్రా సంఘంలో ఎవరి వాయిదా ఎన్నో తారీఖో ఆవిడకి కంఠతా ఉంటుంది. అలాంటి మనిషి తన జీవితంలోకెల్లా పెద్ద అప్పు మీద సంతకం పెట్టి, ఆ ఒక్క లెక్క మాత్రం అడగకుండా వచ్చేసింది. ఆవిడకి తెలివి లేక కాదు. 'చదువు' అనే మాట వినబడగానే మనమంతా లెక్క మానేస్తాం. చదువుకి లెక్కేమిటి, సరస్వతికి వెల కట్టడమేమిటి అనుకుంటాం. కట్టేవాళ్లు కట్టారండీ! కాలేజీ కట్టింది, బ్యాంకు కట్టింది. కట్టనిది మనమే.

అందుకని ఈవారం కాగితం, పెన్సిలు తీసుకుని మనమూ కూర్చుందాం.

ఆరు లక్షల అప్పు అంటే ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లు. వడ్డీ నూటికి ఏడాదికి 10 అనుకుందాం. బ్యాంకుని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. చదువుకునే నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కట్టక్కర్లేదు అంటారు. నిజమే, కట్టక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. మొదటి ఏడాది ఇచ్చిన లక్షన్నరకి ఐదేళ్ల వడ్డీ, రెండో ఏడాది ఇచ్చినదానికి నాలుగేళ్ల వడ్డీ, అలా కూడుకుంటూ వస్తే 2 లక్షల 10 వేలవుతుంది. అంటే అమ్మాయి మొదటి వాయిదా కట్టే రోజుకి అప్పు ఆరు లక్షలు కాదు, 8 లక్షల 10 వేలు! దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 10,700 కట్టాలి. మొత్తం కట్టేది 12 లక్షల 85 వేలు. పదిహేనేళ్లకి పెట్టుకుంటే నెలవాయిదా 8,700కి దిగుతుంది గానీ, మొత్తం 15 లక్షలు దాటిపోతుంది. ఇరవై మూడేళ్లకి కట్టడం మొదలుపెట్టిన పిల్ల ముప్ఫై ఎనిమిదేళ్లకి తీరుస్తుందన్నమాట. అప్పటికి తన పిల్లల స్కూలు ఫీజులు కూడా వచ్చిపడతాయి.

ఇక రెండో వైపు చూద్దాం. జీతం.

కాలేజీ బయట ఫ్లెక్సీల మీద పెద్ద ప్యాకేజీలు కనబడతాయి. ఒకరికో ఇద్దరికో వచ్చినవి. క్లాసులో మిగతా పిల్లల్లో ఎక్కువమందికి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు మొదట ఇచ్చేది ఏడాదికి మూడున్నర లక్షల దరిదాపు. దాన్ని పన్నెండుతో భాగించి "నెలకి ఇరవై తొమ్మిది వేలు" అని సంబరపడిపోకండి. అందులో కంపెనీ కట్టే పి.ఎఫ్. వాటా ఉంటుంది, గ్రాట్యుటీ ఉంటుంది, ఇన్సూరెన్సు ఉంటుంది, పని బాగుంటే ఇస్తామనే మొత్తమొకటి ఉంటుంది. అవన్నీ పోగా, అమ్మాయి వాటా పి.ఎఫ్. పోగా, రాష్ట్రానికి కట్టే 200 వృత్తిపన్ను పోగా, చేతికొచ్చేది 22 వేల చుట్టుపక్కల తేలుతుంది. ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో! హాస్టలుకి 8 వేలు, బస్సులు, ఫోను కలిపి రెండున్నర వేలు, ఒంటిమీదికి, మందుకీ మాకుకీ ఇంకో రెండున్నర వేలు వేయండి. మిగిలేది 9 వేలు. కట్టాల్సిందేమో 10,700.

చీరకి చెంగు చాల్లేదన్నట్టు, నెలకి పదిహేడు వందలు తక్కువ! ఇందులో ఇంటికి పంపేది లేదు. పండక్కి రైలు టిక్కెట్టు లేదు. ఉద్యోగం డిగ్రీ చేతికొచ్చిన నెలే దొరికిందనుకుని వేసిన లెక్క ఇది. 2022లో చదువు ముగించినవాళ్లలో ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని చేరమనే పిలుపు కోసం రెండేళ్లు ఎదురుచూసిన పిల్లలున్నారు. కంపెనీ తారీఖు వాయిదా వేస్తే బ్యాంకు తారీఖు వాయిదా పడదు కదా!

అయితే ఎంత అప్పయితే తట్టుకోగలం? మేము ఒక మోటు కొలత చెబుతాం. చేతికొచ్చే జీతంలో నాలుగోవంతుకి మించి నెలవాయిదా ఉండకూడదు. 22 వేలలో నాలుగోవంతు ఐదున్నర వేలు. ఇందాకటి పద్ధతిలోనే లెక్క వేస్తే, నాలుగేళ్లకీ కలిపి 3 లక్షలు తీసుకుంటే పదేళ్ల వాయిదా 5,350 అవుతుంది. అంటే మామూలు మొదటి జీతం మీద మోయగలిగిన అప్పు మూడు లక్షలు. ఆరు తీసుకుంటే రెండింతల జీతం వస్తుందని ఎక్కడా రాసిలేదు.

ఇక్కడొక చిన్న మాట. 2006 ప్రాంతంలో కూడా కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి ఏడాదికి మూడు లక్షల దరిదాపే ఇచ్చేవారు. అప్పుడు తులం బంగారం పదివేల లోపు. 2025లో తులం లక్ష దాటింది. కొత్త ఇంజినీరు జీతం మాత్రం మూడు, మూడున్నర దగ్గరే కూర్చుంది. అప్పట్లో ఆడపిల్ల ఏడాది జీతంతో ముప్ఫై తులాలు కొనొచ్చు, తులం లక్షయ్యేసరికి మూడు. 'మా చెల్లెలి కూతురు ఇంజినీరింగ్ చదివి ఇల్లు కట్టింది' అనే కథలు వింటున్నప్పుడు అది ఏ సంవత్సరం నాటి కథో కూడా అడిగి తెలుసుకోవాలి.

దువ్వాడలో ఇంకో పాత కథ కూడా ఉంది. దాన్ని కాదని ముందుకెళ్లలేం. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ ఊళ్లు కదిలాయి. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. భూములిచ్చిన కుటుంబాల్లో, చుట్టుపక్కల ఊళ్లలో ఒక తరమంతా చదువుని ఒకే గజంతో కొలిచింది. 'ప్లాంటులో వేస్తారా?' అన్నదే ప్రశ్న. ఐ.టి.ఐ. అయినా డిప్లొమా అయినా లోపలికి అడుగుపెడితే చాలు, ఉక్కునగరంలో క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకి బడి, నెల తిరిగేసరికి జీతం. చదువుకి పెట్టిన డబ్బు నెలల్లో తిరిగొచ్చేది. ఆ ఇళ్లలో పెరిగిన ఆడపిల్లలే ఇవాళ తల్లులు. వాళ్ల మనసులో గజం అలాగే ఉండిపోయింది.

కానీ ప్లాంటు అలాగే లేదు. 2021 జనవరిలో కేంద్రం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2024లో జీతాలు విడతలుగా పడ్డ నెలలున్నాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, అదే ఏడాది స్వచ్ఛంద పదవీ విరమణ పథకమూ నడిచింది. ఉన్నవాళ్లని పంపించే చోట కొత్తవాళ్లకి ఎన్ని ఖాళీలుంటాయో మీరే ఆలోచించండి. అప్రెంటిస్‌గా చేరితే అనుభవం వస్తుంది, మంచిదే. కానీ 2019 నిబంధనలు ఇంజినీరింగ్ పట్టా ఉన్న అప్రెంటిస్‌కి నిర్ణయించిన కనీస స్టైపెండ్ నెలకి 9 వేలు. దానితో 10,700 వాయిదా ఎలా కడతారు?

రుషికొండలో టి.సి.ఎస్.కి 99 పైసలకి భూమి ఇచ్చారనీ, గూగుల్ డేటా సెంటర్ వస్తోందనీ 2025 అంతా పేపర్లు రాశాయి. రావాలనే మన కోరిక కూడా. అయితే వచ్చిన ఉద్యోగం జీతం అవుతుంది, వస్తుందన్న ఉద్యోగం వార్త అవుతుంది. వార్త మీద అప్పు చేయకండి.

ఇంతకీ ఆరు లక్షలు ఎందుకు అవసరమవుతోంది? చాలా ఇళ్లలో దీని జవాబు ఒక్క మాటలో ఉంటుంది... కంప్యూటర్ సైన్స్. కన్వీనర్ కోటాలో, మామూలు కాలేజీలో, వేరే బ్రాంచిలో సీటొస్తుంది. ఆదాయ పరిమితి లోపలి కుటుంబమైతే ఫీజు రీయింబర్స్‌మెంటూ వస్తుంది. కానీ 'కంప్యూటర్స్ అయితేనే' అని యాజమాన్య కోటాకి వెళ్తారు. అక్కడ రీయింబర్స్‌మెంట్ వర్తించదు. మొత్తం మన జేబులోంచే. పైగా ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న పరిమితిని ఎ.ఐ.సి.టి.ఇ. 2024-25 నుంచి ఎత్తేసింది. కాలేజీలు కంప్యూటర్ సీట్లు పెంచుకుంటూ పోతున్నాయి. ఊరంతా ఒకే పంట వేస్తే ధర ఏమవుతుందో అనకాపల్లి బెల్లం రైతుని అడిగినా చెబుతాడు.

ఉక్కు కర్మాగారం గేటుకి పక్కనే ఉన్న ఊళ్లో మెటలర్జీ, మెకానికల్ అంటే పెదవి విరవడం విడ్డూరమే. "ఆడపిల్ల మెకానికలేంటండీ, ఇనుము మోస్తుందా?" అని ఒకావిడ మమ్మల్నే అడిగింది. ఆవిడ మాత్రం రోజూ ఎనిమిది గంటలు నిలబడి పనిచేసొస్తుంది!

రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2000ల చివర్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ పథకం లక్షల ఇళ్లలో మొదటి ఇంజినీరుని తయారుచేసింది, అందులో సందేహం లేదు. 2021 నుంచి కొన్నేళ్లు డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే ఇచ్చే పద్ధతి వచ్చింది. ఏ పద్ధతిలోనైనా బకాయిలు పడుతూనే ఉన్నాయి. బకాయి పడ్డప్పుడు కాలేజీ వాళ్లు ప్రభుత్వాన్ని ఏమీ అనలేరు, పిల్లని పిలిచి అడుగుతారు. పరీక్ష ముందు హాల్ టిక్కెట్టు దగ్గర, చివర్లో సర్టిఫికెట్ల దగ్గర. అప్పుడు అమ్మ మెడలోది బ్యాంకు లాకర్లోకి కాదు, తాకట్టు కొట్టుకి వెళ్తుంది. ట్యూషన్ ఫీజు ఒక్కటే లెక్కలో వేసుకున్నవాళ్లకి బస్సు ఫీజు, లాప్‌టాప్, ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్ ట్రైనింగు అంటూ వచ్చే చిల్లర మరో షాకు. ఈ 'చిల్లర' నాలుగేళ్లకీ కలిపితే లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. సీటు తీసుకునేముందే పై సంవత్సరాల్లో చదువుతున్న పిల్లల తల్లుల్ని అడిగి రాసుకోండి. కాలేజీ ఆఫీసులో చెప్పేదానికన్నా అది నమ్మకమైన లెక్క.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. ఇదంతా చదివి "అందుకే నేనన్నాను, ఆడపిల్లకి అప్పు చేసి చదువెందుకని!" అని ఏ నాన్నగారో ఏ మామ్మగారో పేపరు మడతపెట్టేస్తారేమోనని మా భయం. వద్దండీ. మేము చెబుతున్నది అది కానే కాదు.

మన ఇళ్లలోనే చూడండి. కొడుక్కి ర్యాంకు రాకపోతే యాజమాన్య కోటాలో లక్షలు పోస్తారు. కూతురికి అదే ర్యాంకొస్తే 'ఏదో డిగ్రీలో చేర్పిద్దాం' అంటారు. కొడుకు మీద చేసిన అప్పు పేరు పెట్టుబడి, కూతురి మీద చేసిన అప్పు పేరు భారం. పెట్టుబడి అనేవాళ్లు కూడా ఎప్పుడూ లెక్క వేసి అనలేదు. కొడుకు ఉద్యోగం లేకుండా మూడేళ్లు కూర్చున్నా ఆ మాట మారదు. లెక్క వేయడం మొదలుపెడితే ఇద్దరికీ ఒకే కాగితం మీద వేయాలి. మూడు లక్షలు కూతురికి తట్టుకోగలిగిన అప్పయితే కొడుక్కీ అంతే. ఆరు లక్షలు కూతురికి ఎక్కువైతే కొడుక్కీ ఎక్కువే.

అప్పంటూ చేయాల్సొస్తే ఏ అప్పు? ఇక్కడ మా అభిప్రాయం గట్టిది. పిల్ల పేరుమీద బ్యాంకులో తీసుకున్నదే మేలు. తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షకి నెలకి 2 వేలు పోతాయి. బ్యాంకులో అదే లక్షకి వడ్డీ నెలకి 830 పైచిలుకు. ఆ తేడాకి తోడు, ఇంటి అప్పులో అమ్మ పేరే ఉంటుంది, అమ్మ గాజులే ఉంటాయి, అమ్మే డ్వాక్రా సంఘంలో మాట పడుతుంది. పిల్లకి తన చదువు ఖరీదెంతో ఏనాటికీ తెలియదు. బ్యాంకు అప్పుకి కాగితం ఉంటుంది. కాగితం ఉన్న అప్పుని అడగొచ్చు, తగ్గించమనొచ్చు, గడువు కోరొచ్చు.

అలా అడగదగినవి కొన్ని ఉన్నాయి, చాలామందికి తెలియక వదిలేస్తున్నారు. నాలుగు లక్షల లోపు విద్యారుణానికి బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగకూడదు. ఏడున్నర లక్షల వరకూ ప్రభుత్వ హామీ నిధి ఉంది, 2015 నుంచి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపయితే, గుర్తింపున్న కాలేజీలో ఇంజినీరింగ్ వంటి చదువులకి, కట్టక్కర్లేని ఆ ఐదేళ్ల వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. ఇందాకటి లెక్కలో ఆ వడ్డీయే 2 లక్షల 10 వేలు! దాని కోసం ఆదాయ ధ్రువపత్రం సకాలంలో ఇవ్వాలి. ఒక్క కాగితం ఆలస్యమై రెండు లక్షలు పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. 2024 నవంబరులో వచ్చిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం ఎంపికచేసిన మంచి సంస్థల్లో ప్రతిభతో సీటు తెచ్చుకున్నవాళ్లకి, ఆదాయం ఎనిమిది లక్షల దాకా ఉన్నా పది లక్షల వరకూ అప్పు మీద వడ్డీలో 3 శాతం తగ్గింపు ఇస్తుంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే కనుక్కోండి. ఆడపిల్లలకి వడ్డీలో అర శాతం తగ్గించే ప్రభుత్వ బ్యాంకులున్నాయి, స్టేట్ బ్యాంకు వాటిలో ఒకటి. అడిగితే ఇస్తారు. అడగకపోతే గుర్తుచేసే తీరిక కౌంటర్లో ఎవరికీ ఉండదు.

రాయితీ రానివాళ్లు ఒక పని చేయొచ్చు. చదువు నడుస్తున్నప్పుడే వడ్డీ కట్టేయడం. ఆరు లక్షల అప్పుకే చూస్తే మొదటి ఏడాది నెలకి 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత 5 వేలు. ఇలా కడితే చివర్లో అసలు ఆరు లక్షలే మిగులుతుంది, వాయిదా 10,700 బదులు 7,900 అవుతుంది. మొత్తం మీద లక్షా ఇరవై వేల పైన మిగులుతుంది. చివరి రెండేళ్ల 5 వేలు చిన్న మాట కాదు, తెలుసు. కానీ మొదటి ఏడాది 1,250 ఒక చీటీ వాయిదాకన్నా తక్కువే కదా.

ఉద్యోగం రాకపోతే? చాలామంది బ్యాంకు ఫోను ఎత్తడం మానేస్తారు. అదే పెద్ద తప్పు. నిరుద్యోగిగా ఉన్నప్పుడు ఆరు నెలల చొప్పున గడువు పెంచే వీలు బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంలోనే ఉంది. మొదటి వాయిదా తప్పకముందే వెళ్లి రాతపూర్వకంగా అడగాలి. తప్పాక వెళ్తే కథ వేరు. అప్పులో అమ్మా నాన్నా సహ రుణగ్రహీతలు కాబట్టి, వాయిదా తప్పితే వాళ్ల సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. తమ్ముడికి బండి లోను కూడా పుట్టదు.

పై దేశాల సంగతి చూస్తే కాస్త అసూయ కలుగుతుంది. ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఒక పద్ధతి ఉంది. చదువు అప్పు జీతం ఒక స్థాయి దాటాకే వసూలు చేస్తారు, అదీ జీతంలో వంతుగా. జీతం లేకపోతే వాయిదా లేదు. బ్రిటన్‌లోనూ ఇంచుమించు అంతే. మన దగ్గర వాయిదాకి జీతంతో పనిలేదు, తారీఖుతోనే పని. అమెరికా ఎం.ఎస్. కోసం ఇల్లు తాకట్టు పెట్టి చేసే ముప్ఫై, నలభై లక్షల అప్పుల గురించి మరోసారి మాట్లాడుకుందాం. అదొక వేరే పేజీ.

అసలు మూడు లక్షలు కూడా అప్పు చేయకుండా ఇంజినీరింగ్ వైపు వెళ్లే దారి ఒకటుంది. దాన్ని మనమే చిన్నచూపు చూశాం. పాలిటెక్నిక్. పదో తరగతి అయ్యాక పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా. విశాఖలో కంచరపాలెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, భీమునిపట్నంలో ఆడపిల్లలకే ప్రత్యేకంగా ఒకటుంది. ప్రభుత్వ కాలేజీలో ఏడాది ఫీజు కొన్ని వేలే. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బి.టెక్. రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీలో పోసే డబ్బు ఆదా, బి.టెక్.లో ఒక ఏడాది ఫీజు ఆదా, మధ్యలో ఆగిపోవాల్సొచ్చినా చేతిలో ఒక సర్టిఫికెట్. పరవాడ ఫార్మా కంపెనీల్లోనో పవర్ ప్లాంటులోనో చేరినా, ఇంటి నుంచి వెళ్లొచ్చే పదహారు వేలు హైదరాబాదు హాస్టల్లో ఉండే ఇరవై రెండు వేలకన్నా ఎక్కువ మిగిల్చొచ్చు. మరి ఎందుకు వెళ్లరు? "డిప్లొమా అంటే సంబంధాలు రావండీ" అన్నారొకరు. బి.టెక్. పట్టాని పెళ్లి సంబంధం కోసం కొంటున్నామని ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాళ్లని మేము ఇంకెక్కడా చూళ్లేదు!

పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. అప్పున్న పిల్లకి సంబంధం చూసేటప్పుడు ఆ అప్పు ముచ్చట దాచేస్తున్నారు. 'తర్వాత మెల్లగా చెప్పొచ్చు' అంటారు. పెళ్లయిన మూడో నెల అల్లుడు భార్య బ్యాంకు పాస్‌బుక్కు చూస్తాడు. నెలనెలా పదివేలు పుట్టింటి బ్యాంకుకి వెళ్తోందని గొడవ. చట్టప్రకారం భార్య చదువు అప్పుకి భర్త బాధ్యుడు కాడు, తను సంతకం పెడితే తప్ప. అలాగే పెళ్లయినంత మాత్రాన ఆ అప్పు అమ్మానాన్నల మీద నుంచి కూడా దిగిపోదు. మధ్యలో నలిగేది అమ్మాయి. కొన్నిచోట్ల అత్తవారు ఉద్యోగం మానిపిస్తారు, వాయిదా మళ్లీ షిఫ్టుకెళ్లే తల్లి మీదకొస్తుంది. కట్నం ఎంతో పైసా వదలకుండా మాట్లాడుకునే పెద్దమనుషులు, పిల్ల జీతంలోంచి ఇంకా ఎన్నేళ్లు ఎంత పోతుందో ఎందుకు మాట్లాడుకోరు? పెళ్లిచూపుల నాడే చెప్పండి. అమ్మాయే చెబితే మరీ మంచిది. విని లేచిపోయేవాళ్లు లేచిపోనివ్వండి.

ఇదంతా మేము కాగితం మీద వేసిన లెక్క. మీ ఇంట్లో వేసిన లెక్క వేరుగా ఉండొచ్చు. అప్పు చేసి చదివించి గట్టెక్కినవాళ్లు, ఎక్కలేకపోయినవాళ్లు, ఇంకా కడుతున్న అమ్మాయిలు... ఎంత తీసుకున్నారు, మొదటి వాయిదా నాటికి ఎంతయింది, ఎన్నేళ్లు పట్టింది, ఎవరు కట్టారు, మాకు రాయండి. పేర్లు వేయం. ఒక్క మనవి, జీతం రాసేటప్పుడు మాత్రం ఆఫర్ లెటర్‌లో ఉన్నది కాకుండా ఒకటో తారీఖున చేతికొచ్చింది రాయండి.